హోల్డరు వదలని బల్బు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు లేదు, ఈ ముసలితనంలోనూ లేదు. బళ్ళారిలో ఏళ్ళ తరబడి ఎలక్ట్రిక్ సామాన్ల అంగడి నడిపిన మనిషిని నేను. వెలుతురు అమ్ముకుని బతికినవాడికి దయ్యాలతో పనేముంది? ఎవరైనా మా అంగడి ముందు కూర్చుని గాలి సోకిందనీ, పాడుబడిన ఇంట్లో ఏదో కనబడిందనీ మొదలుపెడితే, "ఆడ ఎన్ని వాట్ల బల్బు పెట్టినారప్పా?" అని అడిగేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. చెప్పేవాడు మొహం మాడ్చుకుని లేచిపోయేవాడు.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే వింతగా ఉంది. ఇన్నాళ్ళూ మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు బల్బుల సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

అది అరవయ్యో దశకం మొదలు. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్ళయింది. తుంగభద్ర కరెంటు ఒక్కొక్క ఊరికే పాకుతూ పోతోంది. కొత్త సామానుతో కొత్త తిప్పలు. మా అంగడికొచ్చే ఫిర్యాదుల్లో సగం ఒకటే ఫిర్యాదు. మాడిపోయిన బల్బు హోల్డరులో నుంచి ఊడి రావడం లేదని.

అప్పటి బల్బులకు పైన ఇత్తడి టోపీ, ఆ టోపీకి అటూ ఇటూ రెండు చిన్న చెవులు ఉండేవి. హోల్డరు గాడిలో ఆ చెవులు కూర్చుంటాయి. తీయాలంటే బల్బును కొంచెం పైకి నొక్కి ఎడమ వైపు తిప్పాలి. అంతే పని. కానీ వంటింటి పొగ, ఎండాకాలం దుమ్ము, వానాకాలం చెమ్మ అన్నీ కలిసి ఇత్తడికి చిలుము పడితే చెవులు గాడిలో బిగుసుకుపోతాయి. అప్పుడు మనవాళ్ళు బలం చూపిస్తారు. జొన్న మూటలు ఎత్తే చేతులు కదా! పైకి నొక్కకుండా తిప్పేస్తారు. గాజు బుడ్డ టోపీలో వదులైపోయి గిరగిరా తిరుగుతుంది. టోపీ మాత్రం అంగుళం కదలదు. ఇంకా మొండికేస్తే గాజు పగిలి చేతిలో దిగుతుంది.

దానికి నా దగ్గర మందులుండేవి. గుడ్డ చుట్టి పట్టుకోవడం, హోల్డరు అంచున చుక్క కొబ్బరినూనె వేసి కాసేపు ఆగడం. గాజు పగిలిపోయి ఉంటే కరెంటు తీసేసి, సగానికి కోసిన పచ్చి ఉర్లగడ్డను టోపీ మీద అదిమి తిప్పడం. బంగాళాదుంపను మా పక్క ఉర్లగడ్డ అంటారు. ఈ మాట చెప్పినప్పుడల్లా, "కరెంటుకు కూర వండి పెడ్తావేందప్పా?" అని నన్ను ఎగతాళి చేసేవాళ్ళు. అయినా పని జరిగేది. నా చేతికి లొంగని బల్బు లేదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఇక మా అక్క సంగతి. మా అక్క పార్వతమ్మను తెక్కలకోటలో ఇచ్చాం. మా అమ్మ నా పసితనంలోనే పోతే నన్ను ఎత్తుకుని పెంచింది అక్కే. నాకు అమ్మ మొహం గుర్తులేదు. అమ్మ అంటే నాకు అక్క మొహమే కనబడుతుంది.

మా బావ తిమ్మారెడ్డి మంచి రైతు, సరదా మనిషి. పిల్లలు లేరన్న దిగులు ఇద్దరికీ ఉండేది కానీ బావ దాన్ని పైకి కనబడనిచ్చేవాడు కాదు. ఇంట్లో బావ, అక్క, బావ వాళ్ళమ్మ ఈరమ్మత్త, ముగ్గురే. పొలం పనులు చూసే మారెప్ప పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడు.

తెక్కలకోటకు కరెంటు లైను వచ్చినప్పుడు ఆ వీధిలో మొదట పెట్టించుకున్నది బావే. ఇంటి ముందరి గదిని మా పక్క పడసాల అంటారు, దాని మధ్యలో ఒకటే బల్బు, దూలం నుంచి వేలాడే తీగకు. కొత్త ఇత్తడి హోల్డరు, కొత్త బల్బు మా అంగడివే. నా చేతులతోనే బిగించాను. టక్కుమని చెవులు గాడిలో పడ్డ చప్పుడు కూడా నాకు గుర్తుంది. ఆ పడసాలలో పొయ్యి లేదు, పొగ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

బావ ఆనందానికి హద్దు లేదు. దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు. అక్క మాత్రం ఆ బల్బును సందెదీపం లాగానే చూసేది. వెలగగానే రెండు చేతులూ జోడించేది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు దీపాన్ని ఆర్పరు. ఆర్పడం అన్న మాటే నోటితో అనరు. పూవుతో అదిమో, ఒత్తిని నూనెలోకి వెనక్కి లాగో దీపాన్ని శాంతపరిచి, "పెద్ద చేసినాం" అంటారు. ఆ మాట కన్నడం వాళ్ళ నుంచి మనకు వచ్చిందో, మన నుంచి వాళ్ళకు పోయిందో నాకు తెలియదు. మరి ఈ కరెంటు దీపాన్ని పెద్ద చేసేదెట్లా? గోడ మీద నల్లటి స్విచ్చును కిందికి నొక్కితే గొంతు పిసికినట్టు ఠక్కున పోతుంది. అక్క ఆ పని చేయనంటే చేయనంది. ఈరమ్మత్త సరేసరి, స్విచ్చున్న గోడ వైపే పోదు.

అందుకని ఆ పని బావ మీద పడింది. రోజూ పడుకోబోయే ముందు స్విచ్చు దగ్గర నిలబడి, "సాకు పారోతీ, పెద్ద చేస్తాండా" అనేవాడు. చాలు అనడానికి మా వైపు తెలుగిళ్ళలో కూడా సాకు అనే అంటారు. అక్క కళ్ళు మూసుకుని దండం పెట్టుకునేది. అప్పుడు స్విచ్చు నొక్కేవాడు. నేను వాళ్ళింటికి పోయినప్పుడల్లా ఈ తతంగం చూసి, మీ ఇద్దరికీ పిచ్చి అని నవ్వేవాణ్ణి.

ఏడాది తిరగలేదు. బావకు కామెర్లు వచ్చాయి. పసరు తాగించారు, పథ్యం పెట్టారు. ముదిరిపోయాక బళ్ళారి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఇక లాభం లేదని తెలిశాక బావే ఇంటికి పోదామన్నాడు.

పడసాలలో బల్బు కింద మంచం వేశారు. అంత జబ్బులోనూ ఆయన ఎగతాళి ఆగలేదు. "చూడు నాగప్పా, లైటూ పచ్చగా ఉండాది, నేనూ పచ్చగా ఉండా" అన్నాడు నాతో. నాకు నవ్వు రాలేదు. ఇంకోసారి అక్కను పిలిచి, తనకు నూనె దీపం పెట్టొద్దనీ, ఈ లైటే ఉండనీయమనీ చెప్పాడు. "పెద్ద చేసేదానికి స్విచ్చు జోలికి ఎవురూ పోవద్దండి, అది నా పని" అని కూడా అన్నాడు.

ఒక సందెవేళ, బల్బు వెలిగించిన కాసేపటికి, బావ పోయాడు.

మా పక్క మనిషి ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, కర్మ అయ్యేదాకా అది కొండెక్కకుండా చూసుకుంటారు. పోయినవాడికి దారి కనబడాలని. ఈరమ్మత్త ప్రమిద తెచ్చింది. అక్క వద్దంది. ఆయన లైటే పెట్టమన్నాడు, లైటు వెలుగుతోంది, అదే ఉంటుంది అంది. అత్తాకోడళ్ళు ఏనాడూ గట్టిగా మాట అనుకున్నవాళ్ళు కాదు. ఆ రోజు మాత్రం అక్క మెట్టు దిగలేదు. ఈరమ్మత్త ప్రమిదను తిరిగి గూట్లో పెట్టేసింది. బల్బు పగలూ రాత్రీ అట్లాగే వెలుగుతూ ఉంది.

కర్మకు ముందు రోజు సాయంత్రం పెద్ద ఈదురుగాలి లేచింది. యాడో తీగలు తెగి ఊరంతా కరెంటు పోయింది. ఇల్లంతా బంధువులు. అగ్గిపెట్టె కోసం తడుముకుంటూ ఒకరినొకరు తగులుకున్నారు. ప్రమిద వెలిగించేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆ చోటు చీకట్లోనే ఉంది. తర్వాత కరెంటు వచ్చి వీధిలో లైట్లు వెలిగాయి. మా బల్బు వెలగలేదు. కింద నిలబడి దీపం ఎత్తి చూస్తే లోపలి సన్న తీగ తెగి వేలాడుతోంది.

ఈరమ్మత్త కొడుకు పోయిన తల్లి. ఆమెను తప్పుపట్టను. అందరి ముందరా అక్కను చూసి, "కరెంటును నమ్ముకోని నా కొడుకును చీకట్లో నిలబెట్టితివి కదే!" అని గుండె బాదుకుంది. నేను అక్క మొహం చూశాను. ఏడుపు ఆగిపోయింది. అది నాకు బాగా లేదనిపించింది.

కర్మ ముగిశాక నేను బళ్ళారి వచ్చేశాను. అంగడి తెరవాలి కదా. సత్యనారాయణపేటలో మా ఇల్లు, ఇంట్లో చిన్న పిల్లలు. నెల దాటాక ఒక రోజు తెక్కలకోట బస్సు కండక్టరు అంగడికొచ్చి, ఈరమ్మత్త చెప్పి పంపిందన్నాడు. వెంటనే రావాలట. మీ అక్క తిండి మానేసింది, వచ్చేటప్పుడు ఒక బల్బు తీసుకురా అని.

బస్సులో పోతూ ఆ కబురు గురించే ఆలోచించాను. తిండి మానేయడానికీ బల్బుకూ సంబంధమేమిటి? ఊళ్ళో ఒకరిద్దరు ఆ పాత బల్బును తీయబోతే రాలేదని కూడా కండక్టరు చెప్పాడు. పల్లెటూరి మొద్దు చేతులు అనుకుని నవ్వుకున్నాను.

గడపలో అడుగుపెట్టగానే ఆ నవ్వు పోయింది. అక్క బల్బు కింద, బావ మంచం ఉండిన చోట, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మెడ కింద ఎముకలు తేలి ఉన్నాయి. గాజులు లేని చేతులు చూడలేకపోయాను. నన్ను చూసి, "వచ్చినావాప్పా" అంది, అంతే. ఆ గొంతు మా అక్కది కాదు. ఇట్లా ఇంకొన్నాళ్ళు సాగితే అక్క నాకు దక్కదని అక్కడే తెలిసిపోయింది. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ లేదు. ఇప్పుడుంది. నాకు నిజంగా భయమేసింది.

ఈరమ్మత్త నన్ను పెరట్లోకి పిలిచి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా నోరు పడిపోనీ. ఆ పొద్దు ఏదో అంటినప్పా. దాన్నే పట్టుకోని కూచుండాది. మీ కొడుకు పోలేదత్తా, దారి కనపడక ఈడనే నిలబడుకోనుండాడు అంటాది. ముద్ద నోట్లో పెట్టుకోబోతే ఆయప్ప నిలబడుకోనుంటే నేనెట్లా తినేది అంటాది. కొత్త లైటు పెట్టు నాయనా. వెలుగు చూస్తే తింటాదేమో."

ఆమె ఆలోచన నాకు నచ్చింది. దయ్యమూ లేదు, దారీ లేదు. మనసు చెదిరిన మనిషికి ఒక దీపం వెలిగించి చూపించడం. దానికి నాకంటే తగినవాడు ఎవడు?

ఆ రోజు పొద్దున్నుంచే ఊళ్ళో కరెంటు లేదు. రేపు వస్తుందని అనుకుంటున్నారు. అయినా నా పద్ధతి నాది. ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. మారెప్ప నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. నేను ఎక్కి బల్బును పైకి నొక్కి తిప్పాను.

కదల్లేదు. చిలుము పట్టిన బల్బు కూడా కొంచెం గరగరమంటుంది, ఊగుతుంది. ఇది దూలంలోకి కొట్టిన మేకు లాగా ఉంది. హోల్డరును దగ్గరగా చూశాను. ఇత్తడి ఇంకా మెరుస్తూనే ఉంది. చిలుము లేదు, దుమ్ము లేదు. ఏడాది కూడా నిండని హోల్డరు. బిగుసుకోవడానికి కారణమే లేదు.

గుడ్డ చుట్టి పట్టాను. కొబ్బరినూనె చుక్క వేసి దిగి, ఈరమ్మత్త ఇచ్చిన మజ్జిగ తాగి, మళ్ళీ ఎక్కాను. ఈసారి బలంగా తిప్పాను. గాజు బుడ్డ టోపీలో వదులై గిర్రున తిరిగింది. నేనూ ఆ మొద్దు చేతుల జాబితాలో చేరాను. గాజు అట్లా చుట్లు చుట్లు తిరిగిందంటే లోపల కరెంటు మోసే తీగలు కూడా మెలిపడి తెగిపోయినట్టే. ముందే మాడిన బల్బు, ఇప్పుడు పూర్తిగా చచ్చింది. టోపీ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక పగలగొట్టి ఉర్లగడ్డ పెట్టడమే మార్గం అన్నాను. అక్క అంతవరకూ నేల చూస్తూ ఉంది. ఆ మాటకు తలెత్తింది. "పగలగొట్టద్దప్పా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. నన్ను పెంచిన మనిషి ఆ మాట అంటే నేను గబగబా నిచ్చెన దిగాను. సరే అక్కా, పగలగొట్టను, హోల్డరుతో సహా కిందికి దింపి నీ చేతికిస్తాను, కొత్త హోల్డరు పెడతాను అన్నాను. కొత్త హోల్డరు నా సంచిలో ఉంది.

మారెప్పకు గొడ్లకు నీళ్ళు పెట్టే పని పడింది. అతను తిరిగి వచ్చేసరికి సందె పడింది. పడసాల తలుపు ఉత్తరానికి. బయట ఎండ పోయింది, లోపల మనుషుల మొహాలు కనబడీ కనబడకుండా ఉన్నాయి. ఈరమ్మత్త గూట్లో దీపం వెలిగించడానికి ఒత్తి చేసుకుంటోంది. వెలిగించలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేనే ఇవన్నీ పదే పదే తలుచుకుని చూసుకున్నాను.

నిచ్చెన ఎక్కి, హోల్డరును ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతిలో కటింగ్ ప్లయరుతో తీగను హోల్డరుకు జానెడు పైన కత్తిరించాను. రెండు పోగులూ తెగాయి. దూలం నుంచి వేలాడే తీగ కొనలను విడదీసి, దేనికీ తగలకుండా వంచి పెట్టాను. ఇక నా ఎడమ చేతిలో ఉన్నది ఒక మాడిన బల్బు, దాన్ని కరిచిపెట్టుకున్న హోల్డరు, జానెడు తోక. దానికీ ఈ లోకంలో ఏ తీగకూ సంబంధం లేదు.

దిగబోతూ, చెయ్యి వెచ్చగా ఉందనిపించింది.

ఇంతసేపూ పట్టుకుని ఉన్నాను కదా, నా చేతి వేడే అనుకున్నాను. కానీ ఆ వెచ్చదనం పెరిగింది. వేళ్ళు బల్బుకు దూరంగా జరిపి హోల్డరు పై కొన పట్టుకున్నాను. అప్పుడు గాజులో సన్నగా, ఎర్రగా ఒక గీత కనబడింది. ఓల్టేజి బాగా తక్కువైనప్పుడు బల్బు నిప్పుకణంలా ఉంటుంది చూడండి, అట్లా. తర్వాత మెల్లగా అది పసుపుగా మారింది. మారెప్ప చేతులు నిచ్చెన మీద కనబడ్డాయి. ఈరమ్మత్త మొహం కనబడింది, ఆమె చేతిలో ఒత్తి కూడా కనబడింది. నేను తల పైకెత్తితే దూలాల మీద నా నీడ ఇంత పెద్దది పడి ఉంది. ఆ వెలుగు నా కళ్ళ భ్రమ అయితే నీడ ఎట్లా పడుతుంది?

చేతిలో ఉన్నదాన్ని విసిరేయాలనిపించింది. వేయలేకపోయాను, ఎందుకంటే కింద అక్క లేచి నిలబడి ఉంది. నెల రోజులుగా గోడకు అతుక్కుపోయిన మనిషి. చీర చెంగు రెండు చేతులా చాపి నా వైపే చూస్తోంది. ఆమె మొహంలో భయం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. పనికి పోయిన మనిషి ఇల్లు చేరితే ఆడవాళ్ళ మొహాలు ఎట్లా ఉంటాయో అట్లా ఉంది.

నేను నిచ్చెన ఎట్లా దిగానో గుర్తులేదు. వెలుగుతున్న బల్బును ఆ చెంగులో పెట్టాను. అక్క దాన్ని చాలాసేపు చూసింది. ఆ వెలుతురులో ఆమె కళ్ళ కింద గుంటలు, పెదవుల మీద పగుళ్ళు, అన్నీ నాకు కనబడ్డాయి.

అప్పుడు అక్క అంది, చాలా మామూలుగా, పక్కనే ఉన్న మనిషితో అన్నట్టు. "సాకయ్యా. ఇంగ పెద్ద చెయ్యి."

కళ్ళు మూసుకుంది. చెంగు పట్టుకున్న చేతులనే దగ్గరగా చేర్చి దండం పెట్టుకుంది.

బల్బు ఆరితే ఠక్కున ఆరుతుంది. అమ్మినవాణ్ణి, వేలసార్లు చూసినవాణ్ణి, నాకు తెలుసు. ఇది అట్లా ఆరలేదు. ఎవరో ఒత్తిని మెల్లగా నూనెలోకి వెనక్కి లాగుతున్నట్టు పసుపు తగ్గి ఎరుపైంది, ఎరుపు తగ్గి ఒక గీతగా మిగిలింది, ఆ గీతా పోయింది. పడసాల మళ్ళీ సందెచీకటిలో పడింది.

అక్క కళ్ళు తెరిచి ఒక చేత్తో హోల్డరును, ఇంకో చేత్తో బల్బును పట్టుకుంది. పైకి నొక్కలేదు. ఆ ఉపాయం ఆమెకు తెలియదు కూడా. గిన్నె మీద మూత తీసినట్టు తీసింది. టోపీతో సహా బల్బు ఆమె చేతిలోకి వచ్చేసింది.

మొదట ఏడ్చింది ఈరమ్మత్త. ఏడుస్తూనే దీపం వెలిగించి, ఏడుస్తూనే పొయ్యి దగ్గరికి పోయి రొట్టె తట్టడం మొదలుపెట్టింది. అక్క పోయి పొయ్యి పక్కన కూర్చుంది. ఆ పూట జొన్నరొట్టె, ఉల్లికారం తింది. కొంచెమే తింది, కానీ తింది. నేను గుమ్మంలో నిలబడి ఆమె నములుతుంటే చూస్తూ ఉండిపోయాను. చిన్నప్పుడు నేను తింటుంటే తను అట్లా చూసేదట. నాకు ఏడుపు ఆగలేదు.

తిన్న తర్వాత చెయ్యి కడుక్కుంటూ అడిగింది. "పోయినాడు కదప్పా?" నేను ఎలక్ట్రిక్ అంగడి పెట్టుకున్న నాగప్పను, దేన్నీ నమ్మనివాణ్ణి. పోయినాడక్కా అన్నాను.

మర్నాడు కొత్త హోల్డరు, కొత్త బల్బు బిగించాను. కరెంటు వచ్చింది. బల్బు మామూలు బల్బులాగే వెలిగింది.

తర్వాత నేను ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నానో నాకే తెలుసు. తెగిన సన్న తీగ కొనలు ఒక్కోసారి అదురుకు మళ్ళీ అతుక్కుని కొన్నాళ్ళు వెలుగుతాయి, అది నాకు తెలుసు. కానీ కరెంటు యాడ నుంచి వచ్చింది? ఊళ్ళోనే లేదు. ఫ్యూజు నా జేబులో ఉంది. తీగ నేనే కత్తిరించాను. మారెప్పను అడిగితే, నేను నిచ్చెన కాళ్ళే చూస్తాంటినప్పా, ఏమీ చూడలేదు అన్నాడు. మరి ఆ రోజు నుంచి సందె పడితే పడసాలలో ఎందుకు అడుగుపెట్టడో చెప్పమంటే మాట మార్చేవాడు.

ఆ బల్బు అక్కనడిగి తెచ్చుకున్నాను. అంగడిలో ఎన్నిసార్లు పరీక్షించానో. వెలగలేదు. లోపల సన్న తీగ తెగి వేలాడుతూనే ఉంది. టోపీ దగ్గర కరెంటు మోసే తీగలు మెలిపడి తెగి ఉన్నాయి. ఏ హోల్డరులో పెట్టినా సులువుగా ఎక్కుతుంది, సులువుగా దిగుతుంది. ఇప్పటికీ నా బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది.

కొన్ని నెలల తర్వాత తెక్కలకోట పోయి అక్క వాళ్ళింట్లో పడుకున్నాను. భోజనాలయ్యాయి. ఈరమ్మత్త లోపల పడుకుంది. అక్క స్విచ్చు దగ్గరికి పోయింది. ఒకప్పుడు ఆ గోడ వైపు చెయ్యి చాపని మనిషి. "సాకు పారోతీ, పెద్ద చేస్తాండా" అంది, తనకు తనే. కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, తనే స్విచ్చు నొక్కింది. నేను నిద్రపోయినట్టు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. బతికినన్నాళ్ళూ ఆ మాట అనకుండా అక్క ఆ లైటు పెద్ద చేయలేదు. ఇప్పుడు అక్కా లేదు.

ఆ సాయంత్రం నా చేతిలో ఏం వెలిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. జరిగింది చెప్పకుండా, తీగ కత్తిరించిన బల్బు వెలుగుతుందా అని మాత్రం చదువుకున్నవాళ్ళను అడిగాను, వెలగదన్నారు. దయ్యాలను నమ్మనని మొదట్లోనే అన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను. మా బావను దయ్యం అనడానికి నాకు నోరు రాదు.